ఎర్ర గీత కింద మంచం

ఆ రోజు నేను కావలిలో మా అత్తగారింట్లో ఉన్నాను. పొద్దున పాలు పోసే ఆమె గిన్నెలోకి పాలు వంచుతూ, “మిషన్ బడి బ్రదర్ పోయినాడంట పెద్దమ్మా, తెల్లారుజామున. సాయంత్రం గుడికాణ్ణించి ఎత్తుతారంట” అంది.

“ఎవురూ, జేబులో సుత్తి ఏసుకోని తిరిగే ఆయనా?” అని మా అత్తగారు అడిగింది.

“ఆయనే. ఏం రోగమో ఏందో, నెల దినాలుగా మంచం దిగలేదంట.”

నేను బావి దగ్గర పళ్ళు తోముకుంటున్నాను. ఆ మాట వినగానే నాకు కలిగింది దుఃఖం కాదు, ఊరట. హమ్మయ్య, ఇక ఈ మనిషి ఎదుటపడే గండం తప్పింది అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నా మీద నాకే రోత పుట్టింది. నీళ్ళు పుక్కిలించి ఉమ్మేసినా ఆ రోత మాత్రం పోలేదు.

ఎనిమిదేళ్ళుగా ఆయన కంట పడకుండా తిరుగుతున్నాను. పెళ్ళి సంబంధం కావలిలోనే వచ్చింది. పిల్ల నచ్చింది, కుటుంబం నచ్చింది, ఊరే నచ్చలేదు. కారణం ఎవరికీ చెప్పుకోలేను గనక తాళి కట్టేశాను. నేను పనిచేసే కోవూరు నుంచి బస్సులో వస్తే ఊళ్ళోకి అడుగుపెట్టే ముందు మిషన్ బడి గేటు తగులుతుంది. అక్కడికి రాగానే పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి. “అది నిన్నటి పేపరు. ఇందాక ఒకసారి చదివినారు గదా” అని మా ఆవిడ గుర్తు చేసేది. ఆమెకు నా చదువు మీద గౌరవం ఎక్కువ.

ఇంతకీ నేను ఆయనకు చేసిన అపకారం ఏమిటంటే, ఆయన ఉద్యోగం ఊడగొట్టాను. అలాగని ఎనిమిదేళ్ళపాటు నమ్మాను. ఆయన్ను తాను సాకే హాస్టలు పిల్లల దగ్గర నుంచి వెళ్ళగొట్టించిన వాణ్ణి నేనే అనీ, అంతా తెలిసి నోరు మూసుకున్నవాణ్ణి కూడా నేనే అనీ.

ఆ కథ చెప్పాలంటే ముందు షెడ్డు సంగతి చెప్పాలి.

నెల్లూరుకు దిగువన, సముద్రానికి నాలుగు మైళ్ళ దూరంలో ఫాదర్లు నడిపే కాలేజీ అది. నేను చేరింది యాభైల చివర్లో. కాలేజీకి మేడ ఉంది గాని హాస్టలుకు పునాదులు మాత్రమే ఉన్నాయి. పునాదుల మధ్య తుమ్మ మొక్కలు మొలిచి, వాటిలో మేకలు మేసేవి. ఆ స్థలం అంతకు ముందు ఒక అభ్రకం వ్యాపారిది. గూడూరు వైపు గనుల నుంచి బళ్ళ మీద వచ్చిన అభ్రకాన్ని ఆడవాళ్ళు వరసగా కూర్చుని పొరలుగా చీల్చే పొడుగాటి షెడ్డు ఒకటి అక్కడ ఉండేది. రెండు వరసల్లో ఇరవైనాలుగు తాటి స్తంభాలు, పైన రేకులు, చుట్టూ నడుమెత్తు గోడ, గోడ పైన తడికలు. వ్యాపారి స్థలం అమ్మేసి వెళ్ళిపోయాడు. ఫాదర్లు ఆ షెడ్డులో అరవై మంచాలు వేయించి, పక్కా హాస్టలు లేచేదాకా ఒక్క ఏడాది సర్దుకోమన్నారు. నేను నా రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని లోపలికి వెళ్ళేసరికి అది ఐదో ఏడాది.

ఎన్నిసార్లు అలికినా ఆ నేలలోంచి అభ్రకం పొడి పైకి తేలుతూనే ఉండేది. పొద్దున నిద్ర లేస్తే జుట్టులో, కనురెప్పల మీద, చంకల్లో తళుకులు. ఇస్త్రీ బట్టలు వేసుకుని బజారుకు వెళ్ళినా దాగేది కాదు. “మెరుపు పిలకాయలొచ్చినారు, మంచి పళ్ళు దాసిపెట్టు” అని అంగళ్ళవాళ్ళు ఒకరినొకరు హెచ్చరించుకునేవాళ్ళు. వానాకాలం మరీ అన్యాయం. రేకుల చిల్లుల కింద పెట్టడానికి భోజనశాల గిన్నెలన్నీ తెచ్చినా చాలేవి కావు. ఆ వానలో షెడ్డు లోపల గొడుగు వేసుకుని మంచాల మధ్య తిరుగుతూ, ఎవరి పరుపు తడిసిందో చూసే మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయనే బ్రదర్.

ఆయనకో పేరు ఉంది. నాకు తెలుసు. కాని ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు కాబట్టి ఇక్కడ రాసినా ఆయన అనిపించడు. ఫాదర్ కాదు, పూజ చేయడు, పాఠం చెప్పడు. పుట్టుక వడ్రంగుల ఇంట్లో. మొగలిపొదలున్న ఏదో ఇసక ఊరు నుంచి చిన్నప్పుడే మఠానికి వచ్చాడట. పొడుగు మనిషి, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. తెల్లటి అంగీ ఉతికి ఉతికి మజ్జిగ రంగుకు తిరిగింది. దాని కుడి జేబులో సుత్తి, ఎడమ జేబులో జపమాల. తొందరలో జపమాల తీయబోయి సుత్తి తీసి, దాన్నే భక్తిగా చేతిలో పట్టుకుని నిలబడిన సందర్భాలు మేమందరం చూశాం.

ఆయన పలకరింపు ఒక్కటే. “తిన్నావా?” ఊరి నుంచి వచ్చిన వాణ్ణి తిన్నావా అనేవాడు. పరీక్ష తప్పి మంచం మీద బోర్లా పడుకున్న వాణ్ణి లేపి, “తిన్నావా? తినేసొచ్చి ఏడువు” అనేవాడు. ఒకసారి మా పక్క మంచం వాడు తేలు తేలు అని అరుస్తూ పరుగెత్తుకొస్తే, అలవాటు కొద్దీ “తిన్నావా?” అని, నాలుక కరుచుకుని, “కుట్టిందా?” అని దిద్దుకున్నాడు. ప్రతి జూన్‌లోనూ కొత్త పిల్లలను వరసగా నిలబెట్టి, “ఒక్క ఏడాది ఓర్చుకోండి అబ్బయ్యలూ, మేడ లేస్తుండాది” అని చెప్పేవాడు. పాత పిల్లలం వెనక నిలబడి ఆ మాట ఆయనతోపాటు పెదవులు కదిలిస్తూ అప్పజెప్పేవాళ్ళం. ఆయనకు కోపం వచ్చేది కాదు. ఆ మాటను నిజంగా నమ్మిన మనిషి కాలేజీ మొత్తంలో ఆయనొక్కడే అనుకుంటాను.

ఆయన అసలు పని సాయంత్రం జపం అయ్యాక మొదలయ్యేది. దాన్ని మేము స్తంభాలకు హాజరు వేయడం అనేవాళ్ళం. తాటి మానుకు పైన ఇనుములాంటి చేవ, లోపల మెత్తటి గుజ్జు. చెద పట్టినా, తడి ఎక్కినా ముందు లోపల పోతుంది, పైన మాత్రం చెక్కు చెదరనట్టే ఉంటుంది. అందుకని ఆయన సుత్తి పిడితో ఒక్కో స్తంభాన్ని మూడు చోట్ల కొట్టి, చెవి ఆనించి వినేవాడు. గట్టిగా పలికితే గొడ్డు వీపు తట్టినట్టు తట్టి ముందుకు సాగేవాడు. గుల్లగా పలికితే మాత్రం తడిగుడ్డ జేగురులో ముంచి, మోకాలెత్తున దాని చుట్టూ ఒక ఎర్ర గీత లాగేవాడు. ఎర్ర గీత అంటే ఆ మాను పుచ్చిందని, మార్చాలని అర్థం. ప్రిన్సిపాల్ ఫాదర్‌కు కూడా ఆ గుర్తు తెలుసు. అది చూసి ఆయన కొత్త మానుకు కబురు పెట్టేవాడు, అది ఎప్పటికో వచ్చేది.

ఈలోగా ఆ స్తంభం కింద ఉన్న పిల్లల మంచాలు పక్కకు జరిగేవి. ఖాళీ అయిన చోటికి బ్రదర్ తన మంచం లాక్కునేవాడు. మాను మార్చేదాకా అక్కడే పడక. ఇంకొక స్తంభానికి గీత పడితే దాని కిందకు మకాం. అలా షెడ్డు నాలుగు మూలలా ఆయన మంచం తిరిగేది. ‘బ్రదర్‌గారి క్యాంపు ఈ వారం ఎక్కడ’ అని మేము నవ్వుకునేవాళ్ళం. ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను, “ఆడ ఎవురూ పండుకోకుంటే సరిపోద్ది గదా బ్రదర్, మీరెందుకు?” అని.

“ఎవురో ఒకరు పండుకోకపోతే దాని సంగతి నేనే మరిసిపోతా అబ్బయ్యా” అన్నాడు.

నా రెండో ఏట ఒక సాయంత్రం ఆయన ఆ హాజరుకు నన్ను వెంట రమ్మన్నాడు. “నువ్వు రైతు బిడ్డవి, మాను సంగతి తెలిసినోడివి. రా, నువ్వు గూడా ఇను” అన్నాడు. మాది కొడవలూరు దగ్గర పల్లె. మా ఇంట్లో వరి సంగతి తప్ప మాను సంగతి ఎవరికీ తెలియదు. అయినా పొగిడితే పొంగిపోయే వయసు. ఆయన కొట్టేవాడు, నేను చెవి ఆనించేవాణ్ణి. “ఎట్టుండాది?” అని అడిగేవాడు. ఇదేదో నాకు పరీక్ష పెడుతున్నాడు కాబోలు అనుకుని మొదటి పది పదిహేను రోజులు ప్రాణం పెట్టి విన్నాను. తరువాత విసుగు పుట్టింది. హాజరు అయ్యేదాకా భోజనం గంట కొట్టరు. పులుసు వాసన అక్కడిదాకా వస్తుంటే ఇరవైనాలుగు మొద్దుల గుండె చప్పుడు ఎవడు వింటాడు? ఆయన సుత్తి పిడి ఇంకా మాను మీద ఉండగానే “బాగుండాది బ్రదర్” అనేసేవాణ్ణి.

“గట్టిగా చెప్పు” అనేవాడు. ఆ రోజుల్లో ఆయన అందరినీ అలాగే గదిమేవాడు. “మొగోడివేనా, గొంతు పెగలదా, గట్టిగా చెప్పు.” మమ్మల్ని ధైర్యవంతులను చేస్తున్నాడు కాబోలు అనుకునేవాళ్ళం.

“బాగుండాది బ్రదర్!” అని నేను అరిచేవాణ్ణి. ఆయన నా మొహంలోకి ఒక క్షణం చూసి, తల ఊపి, తరువాతి స్తంభానికి కదిలేవాడు. ఆ తరువాత కొత్తగా ఒక్క ఎర్ర గీత పడలేదు. అంతకు ముందే పడి, కొత్త మాన్ల కోసం ఎదురుచూస్తున్నవి మూడే మిగిలాయి. ఏడు, పన్నెండు, పంతొమ్మిది.

నా ఆఖరి ఏడు, క్రిస్మస్ వెళ్ళిన కొద్ది రోజులకు బిషప్‌గారు కాలేజీకి వస్తున్నారని తెలిసింది. ఆయన్ను రైలు దగ్గర ఎదుర్కొని వెంటబెట్టుకు రావడానికి బ్రదర్ ముందు రోజే నెల్లూరు వెళ్ళాడు. షెడ్డు శుభ్రం చేసే బాధ్యత ప్రిన్సిపాల్ ఫాదర్ మా మీద పెట్టి రెండు గంపల సున్నం ఇప్పించారు. పిల్లల్లో పెత్తనం నాది. మా ఇంట్లో ఏటేటా సున్నం కొట్టేది నేనే మరి.

గోడలకు కొట్టాం, స్తంభాలకు కొట్టాం. బ్రదర్ గీతలు చెరిపితే ఊరుకోడని, ఆ మూడు స్తంభాలకు గీత మేరకు వదిలి పైనా కిందా తెలుపు వేశాను. ఆరిన తరువాత గుమ్మంలో నిలబడి చూస్తే మనసుకు ఎలాగో అనిపించింది. మా వైపు ఇళ్ళల్లో సున్నం కొట్టి వదిలేయరు. దాని మీద జేగురు పట్టీ పడాల్సిందే. ఉత్త తెలుపు ఉంటే ఆ ఇంట్లో ఏదో కీడు జరిగిందనుకుంటారు. పైగా ఇక్కడ మూడింటికి పట్టీ ఉంది, ఇరవై ఒకటికి లేదు. పేరంటానికి పిలిచి ముగ్గురికే బొట్టు పెట్టి మిగతావాళ్ళను పంపేసినట్టుంది. బ్రదర్ మంచం కింద జేగురు మూకుడు కనిపించింది. ఇంకేం, గుడ్డ ముంచి, ఇరవైనాలుగు స్తంభాలకూ మోకాలెత్తున చక్కటి ఎర్ర పట్టీలు చుట్టేశాను. పాత మూడింటినీ కూడా దిద్ది అందంగా చేశాను.

“ఇప్పుడు ఇల్లుమాదిరుండాది రా” అన్నాడు మా పక్క మంచం వాడు. నిజంగానే ఉంది. పుచ్చినవి ఏవో బ్రదర్‌కు ఎలా తెలుస్తుందన్న అనుమానం ఒక్క క్షణం వచ్చింది. ఏడు, పన్నెండు, పంతొమ్మిది. నాకు నోటికొచ్చు, ఆయన రాగానే చెబితే సరిపోతుంది అనుకున్నాను.

మర్నాడు బిషప్‌గారు ప్రిన్సిపాల్ ఫాదర్‌తో కలిసి షెడ్డులోకి వచ్చారు. మేము మంచాల పక్కన బారులు తీరి నిలబడ్డాం. బిషప్‌గారు ముచ్చటపడి, “ఈ ఎర్ర పట్టీలు బాగున్నాయే!” అన్నారు. ప్రిన్సిపాల్ ఫాదర్ అప్పుడే వాటిని చూడడం. మొహంలో నెత్తురు లేదు. అబద్ధం ఆడడం చేతకాని మనిషి, “అవి... పుచ్చిన మాన్లకు మా బ్రదర్ పెట్టే గుర్తు” అన్నారు.

బిషప్‌గారు ఆగిపోయారు. వేలు చూపుతూ ఆ చివరిదాకా స్తంభాలను ఒక్కొక్కటిగా చూశారు. “అన్నీనా?” అన్నారు.

అప్పుడే బ్రదర్ బిషప్‌గారి పెట్టె మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన పెట్టె కింద పెట్టి, జేబులోంచి సుత్తి తీసి మొదటి స్తంభం కొట్టాడు. చెవి ఆనించాడు. రెండోది కొట్టాడు. మూడోది. షెడ్డులో అరవై మందిమి చూస్తున్నాం. ఐదో స్తంభం దగ్గర నేనున్నాను. ‘అవి నేను పెట్టినవండీ, పుచ్చినవి మూడే’ అని ఒక్క మాట అంటే తేలిపోయేది. బ్రదర్ మా వరసంతా చూశాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన చూపు కొంచెం ఆగింది. నేను తల దించుకున్నాను.

“వీటిల్లో ఒక్కటన్నా గట్టిదని నేను చెప్పలేను తండ్రీ” అన్నాడు బ్రదర్.

బిషప్‌గారికి వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. “అరవై మంది పిల్లల్ని పుచ్చు మాన్ల కింద పడుకోబెట్టి నాకు దండలు వేస్తారా? తెలిసి కూడా ఎలా ఊరుకున్నావయ్యా నువ్వు?” అని బ్రదర్‌ను మా అందరి ముందే నిలదీశారు.

“తప్పే తండ్రీ” అన్నాడాయన.

మంచాలన్నీ క్లాసు గదుల్లోకి చేరేదాకా భోజనానికి కూర్చోనని బిషప్‌గారు పట్టుబట్టారు. రెండు గంటల్లో షెడ్డు ఖాళీ అయింది. హాస్టలు మేడకు కావలసింది తానే చూస్తానని మాట ఇచ్చి వెళ్ళారు. పిల్లలంతా పండగ చేసుకుంటున్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఒక్క మేడ కోసం ఆ పెద్దమనిషి నా తప్పు నెత్తిన వేసుకుని మాట పడ్డాడు, నేను చూస్తూ నిలబడ్డాను.

రెండు రోజుల తరువాత ధైర్యం కూడగట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆ ఖాళీ షెడ్డులో ఏడో స్తంభం కింద తన మంచం మీద కూర్చుని అంగీకి గుండీ కుట్టుకుంటున్నాడు.

“బ్రదర్, ఆ గీతలు...” అన్నాను.

“గట్టిగా చెప్పు అబ్బయ్యా.”

గట్టిగా చెప్పగలిగిన మాటయితే రెండు రోజులు ఆగేవాణ్ణే కాదు. “ఏంలేదు బ్రదర్” అన్నాను.

“తిన్నావా?”

“తిన్నా.”

“పో. పొయ్యి సదువుకో.”

వేసవిలో ఆయన్ను కావలి మిషన్ బడికి పంపేశారు. చిన్న బడి, వడ్రంగం నేర్పే పని. ఇది శిక్షేనని కాలేజీ అంతా అనుకున్నారు. భోజనశాల వంటాయన, “ఆ ఎర్ర గీతలే ఆయన కొంప ముంచినాయి” అని మా అందరి ఎదుటా అన్నాడు. ఆయన వెళ్ళే రోజు మా ఆఖరి పరీక్ష. రోడ్డు పక్కన రేకు పెట్టె మీద కూర్చుని బస్సు కోసం ఎదురుచూస్తున్న ఆయన్ను దూరం నుంచి చూసి, వెనక చేలల్లోంచి చుట్టూ తిరిగి వెళ్ళిపోయాను. తరువాత నా చదువు రాజమండ్రిలో, ఉద్యోగం కోవూరు హైస్కూల్లో. కాలేజీ వైపు మళ్ళీ పోలేదు. షెడ్డు ఇప్పుడు లేదని మాత్రం ఎవరో అంటే విన్నాను. ఎలా పోయిందని అడగలేదు. అడిగితే ఆయన మాట వస్తుంది.

ఆ సాయంత్రం పని మీద బయటికి పోతున్నానని మా ఆవిడతో చెప్పి మిషన్ గుడికి వెళ్ళాను. జనం ఎక్కువ లేరు. శవపేటిక ఆయన శిష్యులే చేశారట, ఎక్కడా ఒక్క మేకు తల పైకి కనిపించలేదు. మట్టి వేసేటప్పుడు అందరికంటే వెనక నిలబడి నా వంతు గుప్పెడు వేసి, తొందరగా వెళ్ళిపోబోతుంటే నా మోచెయ్యి ఎవరో పట్టుకున్నారు. చూస్తే ప్రిన్సిపాల్ ఫాదర్. బాగా ముసలివారయ్యారు.

“నువ్వు కొడవలూరు అబ్బాయివి గదూ?” అన్నారు.

అంతే, ఎనిమిదేళ్ళది ఒక్కసారి బయటపడింది. “ఫాదర్, ఆ గీతలు పెట్టింది నేనండీ. సున్నం మీద అందంగా ఉంటాయని పెట్టాను. పుచ్చినవి మూడే. ఆయన్ను నావల్లే పంపేశారు” అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఆ శ్మశానంలో, అప్పుడే పూడ్చిన మట్టి పక్కన నిలబడి నవ్వారు. “ఎవరయ్యా పంపేసింది? ఆయనే అడుక్కుని వెళ్ళాడు” అన్నారు.

నన్ను ప్రహరీ గోడ మీద కూర్చోబెట్టి ఆయన చెప్పింది ఇది. బిషప్‌గారు వెళ్ళిన సాయంత్రమే బ్రదర్ ఆఫీసు గదిలోకి వచ్చి తలుపు వేశాడట. “నాకు చెవులు పోయినాయి ఫాదర్, రెండేళ్ళయింది” అన్నాడట. బయటపెడితే పిల్లల దగ్గర నుంచి మార్చేస్తారని భయపడి దాచాడు. స్తంభాలు ఏమంటున్నాయో వినపడక, వినడానికి నన్ను తోడు తెచ్చుకున్నాడు.

“అంటే నేను... నేను సరిగా వినలేదండీ” అన్నాను.

“ఆయనకు తెలుసు. నీ చెవి మానుకు తగలకముందే నోరు బాగుంది అనేదని చెప్పాడు. నిన్ను గట్టిగా అడిగితే తన చెవుడు బయటపడుతుంది, అడగకపోతే పిల్లలకు ఏమవుతుందో తెలియదు. రెండేళ్ళు ఆ నరకం పడ్డాడు. బిషప్‌గారి ముందు మూడు స్తంభాలు కొట్టి చూశాడే, ఒక్కటీ వినపడలేదట. అందుకే ఆ మాట అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు, నిన్ను కాయడానికీ ఆడలేదు. ఆ రోజు మొదటిసారి నిజం చెప్పగలిగాడు.”



“ఆ ఏడు కార్తీకంలో గాలివాన వచ్చింది” అన్నారు ఫాదర్. “తెల్లవారే వేళ షెడ్డు మొత్తం నేలమట్టం. పిల్లలంతా క్లాసు గదుల్లో నిద్రపోతున్నారు, ఒక్కడికి గోరంత గాయం లేదు. పొద్దున విరిగిన మాన్లు చూస్తే ఆ మూడూ గాక ఇంకా పదకొండింటి లోపల పిండి. పదకొండు! ఆయనకు కబురు చేస్తే మొదటి బస్సులో వచ్చాడు. నేల మీద కూలబడి ఆ పిండి గుప్పిట్లోకి తీసుకుని ఏడ్చాడు, నవ్వాడు. ‘ఆ అబ్బయ్య రంగు పుయ్యకపోయుంటే నేను నోరు తెరిసేవాణ్ణి కాదు ఫాదర్’ అన్నాడు.”

“నేనే అని ఆయనకు తెలుసా?”

“నీ గోళ్ళ నిండా జేగురే గదయ్యా.”

“మరి నాకు ఒక్క ముక్క కబురు పెట్టొచ్చు గదండీ!”

“నేనూ అదే అన్నాను. వద్దన్నాడు. బాగుంది బాగుంది అన్న మాన్లలో పదకొండు గుల్లవని తెలిస్తే ఆ పిల్లవాడు జన్మంతా కుమిలిపోతాడు, తెలియనక్కర్లేదు అన్నాడు. ఇప్పుడు నువ్వే వేరే బరువు మోసుకుని తిరుగుతున్నావు గనక చెప్పాను.”

బస్సుకు వేళయిందని ఆయన లేచారు. నేను నడుచుకుంటూ బయలుదేరాను. ముందు వణుకు వచ్చింది. మా తరువాత ఏడు ఆ షెడ్డులో ఉండవలసిన పిల్లల మొహాలు ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చాయి. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు, సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ తిరిగే కుర్రాడు ఒకడు ఉండేవాడు. వాడు మొన్న బుధవారం కోవూరు బస్టాండులో నాతో టీ తాగాడు. ఇద్దరు పిల్లలట. ఇంకొకడు పోస్టాఫీసులో మా స్కూలు ఉత్తరాలకు ముద్రలు కొడుతున్నాడు, ముద్ర వంకరగా పడిందని నేను వాడితో పోట్లాడాను కూడా. అందరూ ఉన్నారు. అలా ఒక్కొక్కణ్ణి బతికించుకుంటూ బజారు వీధి దాటాను. దాటేసరికి వణుకు తగ్గింది. ఒళ్ళు తేలికయింది. ఆకలి మొదలయింది, మామూలు ఆకలి కాదు.

ఇల్లు చేరగానే పెరటి వైపు నుంచి వెళ్ళి, “చావుకు పొయ్యొచ్చినా. స్నానానికి నీళ్ళు పెట్టండి” అన్నాను. ఎవరి చావుకని మా అత్తగారు అడిగితే, బ్రదర్‌గారిదని చెప్పాను. ఆ పేరు ఆ ఇంట్లో నేను ఎత్తడం అదే మొదలు. ఆమె వేడినీళ్ళు తోడింది. స్నానం చేసి పీట వాల్చుకుని కూర్చున్నాను. ఆ పూట చేపల పులుసు. మొదటి వాయి కలుపుకుని తిన్నాను. రెండోసారి పెట్టమన్నాను. మూడోసారి గిన్నె దగ్గరకు జరపమన్నాను.

మా ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి చూస్తోంది. “సావుకు పొయ్యొచ్చి ఇంత తిన్నోళ్ళను నేనెక్కడా సూళ్ళేదు” అంది.

“ఆయనకు నామీద కోపం లేదంట” అన్నాను.

ఎవరికి, ఎందుకు అని ఆమె అడుగుతూనే ఉంది. నాకు అప్పటికి ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే తింటున్నాను, ఆమె ఇంకేమీ అడగకుండా ఇంకొంచెం అన్నం వడ్డించింది.